దసరా సెలవుల్లో పిల్లలతో నైనితాల్: ఎక్కడ దిగాలి, ఏం చూడాలి, ఏం వదిలేయాలి?

బెజవాడ అమ్మాయి
అందరికీ నమస్కారం. దసరా సెలవుల్లో నైనితాల్ వెళ్దామనుకుంటున్నాం. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్లంటే చాలా ఇబ్బంది. పాపకేమో కారు ఎక్కి అరగంట దాటితే వాంతులు.

మావారు ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర ప్లాన్ రాయించుకొచ్చారు. ఢిల్లీ, కార్బెట్, నైనితాల్, ముస్సోరీ, హరిద్వార్, మళ్లీ ఢిల్లీ. అన్నీ వారం రోజుల్లోనే. అది చూసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. నైనితాల్ ఒక్క ఊళ్లోనే నాలుగైదు రోజులు ఉంటే పిల్లలకి బోరు కొడుతుందా? చిన్నపిల్లలతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

కొండదారి
ముందు ముస్సోరీ కొట్టేయండి. మ్యాపులో పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉత్తరాఖండ్‌లో రెండు కొండ ప్రాంతాలున్నాయి, నైనితాల్ కుమావూ వైపు, ముస్సోరీ గఢ్వాల్ వైపు. నైనితాల్ నుంచి కొండ దిగి, మైదానంలో చాలా దూరం వెళ్లి, మళ్లీ ఇంకో కొండ ఎక్కాలి. ఒక పగలంతా రోడ్డు మీదే పోతుంది. వాంతులయ్యే పాపకి అది శిక్ష.

కార్బెట్ పులుల అడవి సంగతి కూడా ఆలోచించుకోండి. అందరూ గొప్పగా చెప్పే ఢికాలా జోన్ వానాకాలంలో మూసేస్తే మళ్లీ నవంబర్ మధ్యలో గానీ తెరవరు. దసరాకి వెళ్తే ఝిర్నా, ఢేలా లాంటి ఏడాది పొడవునా తెరిచి ఉండే జోన్లే దిక్కు. ట్రావెల్స్ వాళ్లు ఈ మాట చెప్పారా? "కార్బెట్ సఫారీ" అని రాసిస్తే సరిపోదు, ఏ జోనో అడగండి.

పాలపిట్ట
బోరు కొట్టడం మాట అటుంచండి, మా పిల్లలు తిరిగొచ్చేటప్పుడు ఏడ్చారు. ఊరంతా చెరువు చుట్టూనే ఉంటుంది. పొడవు ఒకటిన్నర కిలోమీటరు లోపే. ఒక కొసన తల్లీతాల్, ఇంకో కొసన మల్లీతాల్, రెండింటినీ కలుపుతూ మాల్ రోడ్డు. పొద్దున లేచి కిటికీ తీస్తే చెరువు, సాయంత్రం బయటికొస్తే చెరువు. పిల్లలకి ఒక్క రోజులో ఊరు అలవాటైపోతుంది. "ఇవాళ బోటు ఆ చివర నుంచి ఎక్కుదాం" అని వాళ్లే ప్లాన్ వేయడం మొదలుపెడతారు. రోజుకో ఊరు మారితే ఈ చనువు రాదు.

రైలు నేస్తం
ప్రయాణం గురించి నేను చెప్తాను. నైనితాల్‌కి రైలు లేదు. చివరి స్టేషన్ కాఠ్‌గోదాం, అక్కడి నుంచి 34 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. ఢిల్లీ నుంచి రెండు మంచి దారులున్నాయి. రాణిఖేత్ ఎక్స్‌ప్రెస్ రాత్రి పాత ఢిల్లీ స్టేషన్లో ఎక్కితే తెల్లవారుజామున కాఠ్‌గోదాంలో దించుతుంది. లేదా పొద్దున్నే న్యూఢిల్లీలో కాఠ్‌గోదాం శతాబ్ది ఎక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటారు.

పిల్లలతో అయితే నా ఓటు శతాబ్దికే. రాత్రి రైల్లో పిల్లలు పడుకుంటారు నిజమే, కానీ దిగే టైము మరీ తెల్లవారుజాము. నిద్ర మధ్యలో లేపి, చలిలో దించి, వెంటనే మలుపుల రోడ్డు ఎక్కిస్తే వాంతులు కాకుండా ఎలా ఉంటాయి? పైగా హోటల్ వాళ్లు గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. 2024 నవంబర్ నుంచి ఆ రూలు మారింది, 120 రోజులనుకుని ఉండకండి. పండగ సీజను కాబట్టి తెరిచిన రోజే చేసుకోండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఢిల్లీకి వచ్చే బండి ఆలస్యమైతే శతాబ్ది పోతుంది. కాబట్టి ఒక రాత్రి ఢిల్లీలో ఉండేలా చూసుకోండి.

బెజవాడ అమ్మాయి
చాలా థాంక్సండీ. మావారికి చూపించాను. ముస్సోరీ వద్దన్నారు, హరిద్వార్ మాత్రం అత్తయ్యగారి కోసం ఉండాలంటున్నారు. ఢిల్లీ నుంచి నేరుగా కారు మాట్లాడుకుంటే నయమేమో అని కూడా అంటున్నారు.

పంత్‌నగర్ వాసి
ఉద్యోగరీత్యా ఈ కొండల కిందే ఉంటున్నాను. మా ఇంటికి వచ్చిన ప్రతి చుట్టాన్నీ నైనితాల్ తీసుకెళ్లడం నా పనే. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఢిల్లీ నుంచి కారు వద్దు. దాదాపు 300 కిలోమీటర్లు. మైదానం రోడ్డు అయిపోయి అందరూ అలిసిపోయాక అసలు మలుపులు మొదలవుతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: సీజన్లో, సెలవు రోజుల్లో ఊళ్లో పార్కింగ్ నిండిపోతే పోలీసులు బయటి కార్లను రూసీ బైపాస్, నారాయణ్ నగర్ దగ్గరే ఆపేసి షటిల్ బండ్లలో పంపిస్తారు. సామాన్లు, పిల్లలు, పెద్దావిడతో అక్కడ బండి మారడం మాటలు కాదు. కాఠ్‌గోదాంలో లోకల్ ట్యాక్సీ మాట్లాడుకుంటే వాళ్లకి ఈ ఏర్పాట్లన్నీ తెలుసు.

హోటల్ విషయంలో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "బండి ఆగే చోటు నుంచి గదికి ఎన్ని మెట్లు?" నైనితాల్లో హోటళ్లన్నీ కొండ వాలు మీద కట్టినవి. లేక్ వ్యూ ఎంత బాగుంటే అంత పైన ఉందని అర్థం. ఫొటోల్లో చెరువు కనిపిస్తుంది, మెట్లు కనిపించవు. మాకు తెలిసినవాళ్లు ఒక హోటల్ బుక్ చేసుకుంటే, రిసెప్షనే రోడ్డుకి రెండంతస్తుల పైన ఉంది, గది దానికింకా పైన. లిఫ్ట్ లేదు. వాళ్లమ్మగారు ఉన్నన్ని రోజులూ గదిలోనే కూర్చున్నారు. ఫోన్లో "కొంచెమే మెట్లు" అంటే ఒప్పుకోకండి, లెక్క చెప్పమనండి.

తల్లీతాల్ వైపు బస్టాండు, గోల. మల్లీతాల్ వైపు ఫ్లాట్స్ అనే పెద్ద మైదానం, నైనాదేవి గుడి, టిబెటన్ బజారు, రోప్‌వే, బోట్లు అన్నీ నడిచేంత దూరంలో ఉంటాయి. బి.డి. పాండే జిల్లా ఆసుపత్రి కూడా ఆ వైపే. చిన్నపిల్లలు, పెద్దావిడ ఉన్న మీలాంటి కుటుంబం మల్లీతాల్లో మాల్ రోడ్డు ఎత్తులోనే దిగితే సగం ట్రిప్పు గెలిచినట్టే.

నెమలీక
నాది వేరే అభిప్రాయం. నైనితాల్లో జనం విపరీతం. భీమ్‌తాల్లో దిగండి. అక్కడి చెరువు ఇంకా పెద్దది, మధ్యలో చిన్న దీవి, దాని మీద చేపల అక్వేరియం, బోటులో వెళ్లి చూడొచ్చు. రోడ్లు ఖాళీ, గదులు చవక. నైనితాల్ ఒక పూట వెళ్లి చూసి రావచ్చు.

పంత్‌నగర్ వాసి
నెమలీక గారూ, ప్రశాంతత కావాలంటే మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. భీమ్‌తాల్ ఎత్తు 1,370 మీటర్లే కాబట్టి చలి కూడా తక్కువ. కానీ ఈవిడ పాపకి బండెక్కితే పడదు. భీమ్‌తాల్ నుంచి నైనితాల్ 22 కిలోమీటర్లు, రానూపోనూ మలుపులే. పైగా భీమ్‌తాల్లో సాయంత్రం కాలినడకన తిరగడానికి మాల్ రోడ్డు లాంటిది లేదు. పిల్లలు తిరగాలంటే మళ్లీ బండే. వీళ్లకి నైనితాల్లో ఉండి, ఒక్క రోజు భీమ్‌తాల్, దాని దగ్గర్లోని నౌకుచియాతాల్ చెరువు చూసి రావడం మేలు.

పిల్లల డాక్టరమ్మ
వాంతుల గురించి. నాలుగేళ్ల వయసులో ఇది చాలామందికి ఉంటుంది, పెద్దయ్యాక తగ్గుతుంది. కొండ ఎక్కే ముందు కడుపు నిండా పెట్టకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ ఎక్కించకండి. గంట ముందు రెండు ఇడ్లీలో, పొడి రొట్టె ముక్కో చాలు. పాలు, జ్యూసు వద్దు. దారిలో ఫోను అస్సలు ఇవ్వొద్దు. తల వంచి దగ్గర వస్తువు చూస్తుంటే కన్ను ఒకటి చెప్తుంది, చెవిలోని సమతూకం చూసే భాగం ఇంకోటి చెప్తుంది. వికారం అక్కడే మొదలవుతుంది. దూరంగా కొండల్ని చూపిస్తూ మాట్లాడించండి, కిటికీ కాస్త తెరవండి. డ్రైవర్‌కి ముందే చెప్పండి, మలుపుల్లో మెల్లగా పోనిమ్మని. దారిలో వచ్చే జ్యోలీకోట్ దగ్గర ఒకసారి ఆపి దించి నడిపించండి. మందు వేయాలా వద్దా, వేస్తే ఎంత అనేది మీ డాక్టరుగారు పాప బరువు చూసి చెప్పాలి. పెద్దవాళ్ల మాత్ర ముక్క చేసి వేయకండి.

ఎత్తు గురించి భయం వద్దు. నైనితాల్ 1,938 మీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి ఈ ఎత్తులో మామూలుగా ఇబ్బంది రాదు. పిల్లికూతలు, ఆయాసం వచ్చే పిల్లలైతే మాత్రం చల్లగాలి పడదు. ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ గొట్టం సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి.

బెజవాడ అమ్మాయి
డాక్టరమ్మ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. పాపకి చలికాలంలో అప్పుడప్పుడు పిల్లికూతలు వస్తాయి, ఆ సంగతి రాయడం మర్చిపోయాను. అక్టోబర్లో చలి ఎంతుంటుంది? తిండి ఎలా? పాప పెరుగన్నం తప్ప ఏదీ సరిగ్గా తినదు. చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్దామనుకుంటున్నాను.

కొండదారి
పగలు ఎండలో హాయిగా ఉంటుంది, ఎండ పోగానే చలి. రాత్రి పది డిగ్రీల చుట్టుపక్కలకి వస్తుంది. ఒక్క లావుపాటి స్వెట్టర్ కంటే పల్చటివి రెండు మూడు వేస్తే పిల్లలకి విప్పుతూ వేస్తూ ఉండొచ్చు. చెవులకి టోపీ తప్పనిసరి.

పాలపిట్ట
అన్నం ప్రతిచోటా దొరుకుతుంది, రాజ్మా, పప్పు, పెరుగు కూడా. పెరుగు ఫ్రిజ్‌లోది ఇస్తారు, గది వెచ్చదనానికి వచ్చేదాకా ఆగి పెట్టండి. కుక్కర్ తీసుకెళ్లే ముందు హోటల్ వాళ్లని అడగండి, గదిలో వండటానికి చాలామంది ఒప్పుకోరు. వాళ్లు ఒప్పుకున్నా ఒక ఇబ్బంది ఉంది. ఆ ఎత్తులో నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఇంట్లో కొలత పోస్తే అన్నం పలుకుగా ఉంటుంది. బియ్యం అరగంట నానబెట్టి, నీళ్లు ఇంకాస్త ఎక్కువ పోయాలి. మెత్తటి అన్నం తినే పిల్లలకి ఇది చాలా తేడా చేస్తుంది.

పిల్లలకి అల్మోరా బాల్ మిఠాయి తప్పకుండా పెట్టండి. కోవాని బాగా వేయించి ముక్కలు చేసి, పైన తెల్లటి చక్కెర గుళ్లు అద్దుతారు. మా చిన్నాడు ముందు ఆ గుళ్లన్నీ ఒక్కొక్కటీ గిల్లి తినేవాడు, తర్వాత లోపలి ముక్క.

తాతయ్య
అమ్మాయీ, మనవలతో వెళ్లిన ముసలివాణ్ణి, నా మాట కూడా విను. నైనాదేవి గుడి చెరువు ఒడ్డునే ఉంది, కొండెక్కనక్కర్లేదు. సతీదేవి కన్ను పడిన చోటని నమ్మకం. శరన్నవరాత్రుల్లో అక్కడ అమ్మవారి దర్శనం అయితే మీ అత్తయ్యగారికి అంతకంటే ఏం కావాలి? హరిద్వార్ కోసం పిల్లల్ని మళ్లీ అంత దూరం తిప్పవద్దు. ఆ ఊరికి విడిగా ఆవిడని తీసుకెళ్లవచ్చు.

మీ బాబు పెద్దవాడే కనుక ఫ్లాట్స్ మైదానంలో ఆడుకునేటప్పుడు ఆ చోటు కథ చెప్పండి. 1880 సెప్టెంబర్ 18న కొండచరియ విరిగిపడి 151 మంది పోయారు. పాత గుడి కూడా ఆ మట్టి కిందే పోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. ఆ మట్టీ రాళ్లూ చెరువులోకి జారి నేల పెరిగింది. ఇవాళ పిల్లలు క్రికెట్ ఆడుతున్న మైదానంలో ఆ మట్టి ఉంది. మా మనవడు ఈ కథ విని, పైనున్న కొండని చాలాసేపు చూసి, "మళ్లీ పడదా తాతా" అన్నాడు. కొండల మీద ఎందుకు జాగ్రత్తగా కట్టుకోవాలో అప్పుడు వాడికి చెప్పాను.

రైలు నేస్తం
తాతయ్యగారు కొండచరియ ప్రస్తావన తెచ్చారు కాబట్టి చెప్తున్నాను. అక్టోబర్ అంటే వానలు అయిపోయినట్టే అనుకుంటాం గానీ, 2021లో అక్టోబర్ 18, 19 తేదీల్లో కుమావూలో కుండపోతగా కురిసింది. చెరువు పొంగి మాల్ రోడ్డు మీదికొచ్చింది, రోడ్లన్నీ తెగి నైనితాల్ ఊరు ఊరే విడిగా ఉండిపోయింది. ప్రతి ఏడూ అలా జరగదు. అయినా తిరుగు ప్రయాణంలో కొండ దిగిన రోజే ఢిల్లీలో విమానమో, మన ఊరి రైలో ఎక్కేలా పెట్టుకోకండి. మధ్యలో ఒక రోజు వదలండి. వెళ్లే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. రెడ్ అలర్ట్ ఉంటే కాఠ్‌గోదాంలోనో హల్ద్వానీలోనో ఆగిపోండి.

నెమలీక
సరే, నైనితాల్లోనే అయితే పిల్లలకి ఏవి బాగుంటాయో చెప్తాను. నాకు బాగా నచ్చింది ఈకో కేవ్ గార్డెన్. పులి గుహ, చిరుత గుహ, గబ్బిలం గుహ అని పేర్లు పెట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దారులు కలిపారు. కొన్నిచోట్ల పెద్దవాళ్లు వంగి, పాక్కుంటూ వెళ్లాలి. పిల్లలు మాత్రం చకచకా దూరిపోయి అవతలి నుంచి కేకలేస్తారు. అత్తయ్యగారిని లోపలికి తీసుకెళ్లకండి.

జూ కొండ మీద 2,100 మీటర్ల ఎత్తులో ఉంది. దారి బాగా నిటారు, నడిచి వెళ్లొద్దు, షటిల్ వ్యాన్లుంటాయి. లోపల కూడా ఎక్కుడే. హిమాలయ నల్ల ఎలుగుబంటి, రంగురంగుల కొండకోళ్లు మన వైపు పిల్లలకి కొత్త. వారపు సెలవు ఏ రోజో ముందే కనుక్కోండి.

రోప్‌వే పొద్దున్నే ఎక్కండి. అది చేరే స్నో వ్యూ అనే చోటు 2,270 మీటర్ల ఎత్తులో ఉంది. మబ్బు లేకపోతే నందాదేవి, త్రిశూల్ మంచు శిఖరాలు తెల్లగా కనిపిస్తాయి. ఎండెక్కేకొద్దీ మబ్బులు కమ్ముతాయి, క్యూ కూడా పెరుగుతుంది. గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు. పైన కోతులు, కొండముచ్చులు ఉంటాయి, పిల్లల చేతిలో చిప్స్ ప్యాకెట్ పెట్టకండి.

టిఫిన్ టాప్ అనే కొండ కొన వద్దు. గుర్రం మీద వెళ్లొచ్చని పాత వీడియోల్లో చూపిస్తారు. కానీ అక్కడి డొరోతీ సీట్ అనే రాతికట్టడం 2024 ఆగస్టులో కొండచరియతో పాటు కూలిపోయింది.

పంత్‌నగర్ వాసి
బోటు గురించి ఎవరూ చెప్పలేదు. ఈ చెరువులో మోటారు బోట్లు లేవు, తెడ్డు పడవలు, తొక్కుడు బోట్లు, తెరచాప పడవలు మాత్రమే. లోతు 27 మీటర్ల దాకా ఉంది, ఒడ్డు పక్కనే లోతు మొదలవుతుంది. అందుకని తొక్కుడు బోటు మీరు సొంతంగా తీసుకోకండి, పడవవాడు నడిపే తెడ్డు పడవ ఎక్కండి. రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. లైఫ్ జాకెట్ ఇస్తారు, పాపకి చిన్న సైజుదే అడిగి తీసుకోండి. పెద్దది వేస్తే నీళ్లలో పడినప్పుడు జాకెట్ పైకి లేచి పిల్ల కిందికి జారిపోతుంది. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొస్తే అది పాపది కాదు.

పడవ మధ్యలో ఉన్నప్పుడు ఒకటి రెండు చోట్ల నీళ్లలో బుడగలు గుండ్రంగా పైకి రావడం కనిపిస్తుంది. పిల్లలు తప్పక అడుగుతారు. అది చేప కాదు. అడుగు నీటిలో ఆక్సిజన్ తగ్గిపోతోందని 2007 నుంచి గొట్టాలతో గాలి ఎక్కిస్తున్నారు. ఆ చెరువు నీళ్లే శుద్ధి చేసి ఊరికి తాగడానికి ఇస్తారు కూడా. కాబట్టి చేపలకి బ్రెడ్డు ముక్కలు వేయనివ్వకండి. అక్కడ ఉండేవాళ్లం ఇది గట్టిగా కోరుకుంటాం.

సాయంత్రం సీజన్లో మాల్ రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు, పిల్లల్ని హాయిగా వదలొచ్చు. అత్తయ్యగారు అలిసిపోతే ఈ-రిక్షా ఉంది. చెరువుకి అవతలి ఒడ్డున ఠండీ సడక్ అని కాలిబాట ఉంది, చెట్ల నీడ, బండ్లు రావు. ఉదయం పూట అక్కడ నడవండి. వాన పడ్డ మర్నాడు మాత్రం వద్దు, రాళ్లు జారుతుంటాయి.

కొండదారి
బాబుకి సైన్స్ ఇష్టమైతే మనోరా పీక్ మీద ఏరీస్ అబ్జర్వేటరీ ఉంది, ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. 1972లో పెట్టిన 104 సెంటీమీటర్ల టెలిస్కోపు అక్కడుంది. సందర్శకుల్ని రానిచ్చే వేళలు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని వెళ్లండి.

కైంచీ ధామ్ ఆశ్రమానికి అందరూ వెళ్లమంటారు. వారాంతంలో ఆ రోడ్డు మీద గంటల తరబడి ట్రాఫిక్ ఆగిపోతోంది. వెళ్లాలనుకుంటే పనిదినం పొద్దున్నే వెళ్లి వచ్చేయండి.

బెజవాడ అమ్మాయి
మీ అందరి మాటలూ మావారికి చదివి వినిపించాను. అత్తయ్యగారే ముందుగా "హరిద్వార్ తర్వాత చూద్దాంలే, పిల్లల్ని తిప్పకండి" అన్నారు. దాంతో తేలిపోయింది. కార్బెట్ కూడా తీసేశాం. ఢిల్లీలో ఒక రాత్రి, శతాబ్దిలో కాఠ్‌గోదాం, మల్లీతాల్లో ఐదు రాత్రులు. అందులో ఒక్క రోజు భీమ్‌తాల్, నౌకుచియాతాల్, అదీ పాప బాగుంటేనే. ఒక రోజు పూర్తిగా ఖాళీ. వచ్చేటప్పుడు ఢిల్లీలో ఒక రోజు.

హోటళ్లకి ఫోన్ చేసి మెట్ల లెక్క అడిగాను. మొదట ఇద్దరు దాటవేశారు. ఒకతను మాత్రం, "మేడమ్, రోడ్డు నుంచి ఆరు మెట్లు, గది కింది అంతస్తులోనే, కానీ అక్కడి నుంచి చెరువు కనిపించదు" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అదే బుక్ చేశాం.

ఒక్క సందేహం మిగిలింది. తిరుగు శతాబ్ది కాఠ్‌గోదాంలో మధ్యాహ్నం కదా, కొండ మీద ఎన్నింటికి బయల్దేరాలి?

పంత్‌నగర్ వాసి
మంచి ప్లానమ్మా. మామూలుగా గంటన్నర దారి, కానీ సెలవుల్లో తల్లీతాల్ దాటడానికే చాలాసేపు పడుతుంది. పదిన్నరకల్లా బండెక్కండి, ఆదివారమైతే తొమ్మిదిన్నరకే. దిగేటప్పుడు కూడా వాంతులు రావచ్చు, కాబట్టి టిఫిన్ ఎనిమిదింటికే పెట్టేయండి. ట్యాక్సీ ముందు రోజు సాయంత్రమే మాట్లాడి పెట్టుకోండి, పొద్దున పూట దొరకడం కష్టం.